చండూరు అడ్డా మీది ఆటో అన్నకు

నిన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్ నుంచి నా సీఆర్ఆర్ నంబరు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చింది. ఇగ క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు రాసుకోవచ్చు. నిద్రలేక కండ్లు మండుతున్నయి, తప్పులుంటే సర్దుకోండ్రి.

అమ్మ, బాపు, పిల్లను చూసుకున్న అత్తమ్మ, ఫీజు కట్టిన మా ఆయన. మీకు థ్యాంక్స్ వేరే చెప్పాల్నా.

చెప్పాల్సింది ఆటో అన్నకు. ఎం.ఫిల్.ల నా డిసర్టేషన్ (పరిశోధన), పత్తి అప్పులకు భర్త పురుగుల మందు తాగి పోయిన ఆడోళ్ళ మీద. చండూరు, మర్రిగూడ దిక్కు ఊర్లు తిరగాలె. "పిచ్చి డాక్టరమ్మ వచ్చింది" అని తలుపులేసుకునేటోళ్ళు. అన్న కిరాయికి దొరికిండు, అంతకుముందు ముఖపరిచయం గూడ లేదు. రెండో ఊరికే నా పని ఆయనకు సమజైంది. మామనో బావనో పక్కన కూసుంటే ఆమె నోరిప్పదు. నేను అడగకముందే ఆ పెద్దమనిషిని "పా బాపు, బీడీ తాగొద్దాం" అని వాకిట్లకు తీస్కపోయేటోడు. బత్తాయి రేటు, ఎండిన బోర్లు, ఎంతసేపంటే అంతసేపు ముచ్చట. లోపల ఏం మాట్లాడుకున్నమో ఒక్కనాడు అడగలే. వెయిటింగ్ పైసలు గూడ తీసుకోలే.

ఓ ఇంట్లకెళ్ళి బయటికొచ్చి ఆటోల కూసుంటే ఏడుపు ఆగలే. ఏం విన్ననో ఇక్కడ రాసేది కాదు. అన్న పాటలు బంద్ చేసిండు. నేను కనపడకుండ అద్దం పక్కకు తిప్పిండు. సీదా రోడ్డు ఇడిసి చెరువు కట్ట మీదికెళ్ళి మెల్లగ చుట్టు తిప్పి తెచ్చిండు. బస్టాండు కాడ సోడ చేతిలవెట్టి, "రేపు ఎన్నింటికి రావాలమ్మా?" అన్నడు. ఈ చదువు ఇడిసిపెడ్తనని అప్పటికే మనసుల అనుకున్న. "తొమ్మిదికి" అన్న.

ఇది తలుచుకుంటనే మళ్ళ ఏడుపొస్తుంది, ఏం చేయాలె.

ఇంకో ముచ్చట, కోపంతోనే రాస్తున్న. 2018ల వచ్చిన రైతుబీమా 5 లక్షలు పట్టా ఉన్నోళ్ళకే. కౌలుకు దున్ని పోయినోని భార్య చేతిల కాయితమే లేదు, ఇగ ఆమె రంది ఎవరు అడుగుతరు? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996ల మొదలైంది, టీంల సైకాలజిస్టు ఉండాలని రాసే ఉన్నది. నేను కలిసిన ఆడోళ్ళల్ల ఒక్కరన్న అసొంటి మనిషిని చూసినమనలే. నా స్టైపెండు సంగతి సరేసరి, ఏ ఆఫీసుల ఏ ఫైలు కింద ఉన్నదో. ఇంట్ల ఎవరికన్న మనసు బాగలేకుంటే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండ్రి. రాత్రయినా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడయి.

అగో, మరిచిన! ప్రశ్నలన్ని తెలుగుల టైపు చేసిచ్చిన నల్గొండ డీటీపీ తమ్ముడు. మర్రిగూడ దిక్కు ఆశా అక్క, ఆమె లేకుంటే సగం తలుపులు తెరుచుకోకపోయేటియి, పైనుంచి అన్నం గూడ పెట్టింది. వార్డుల రాత్రి డ్యూటీకి చాయ్ తెచ్చిచ్చిన ఆయమ్మ. గైడ్ మేడం పేరు ఆఖరికి పడ్డది, తిట్టకండి మేడం.