ఉగాది ఫోటోతో సరిపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లింలు కొబ్బరికాయలతో బారులు తీరగానే పత్రికలు ఆ ఫోటో వేసి ‘మత సామరస్యం’ అని శీర్షిక పెడతాయి. వారికి స్వామి దేవేరి బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు. ఆ వరసన స్వామి అల్లుడు. పండగ పూట అల్లుడి గడప తొక్కడంలో వింతేముంది?

నమ్మకం అసలు రూపం మామూలు రోజుల్లోనే కనిపిస్తుంది. మా వీధి దర్జీ భాయ్ రవికె కుట్టగా మిగిలిన గుడ్డను, బెత్తెడు ముక్కైనా సరే, మడిచి రవికెలోనే పెట్టి ఇస్తాడు. పైవాడికి లెక్క చెప్పుకోవాలి కదమ్మా అంటాడు. (చెప్పిన రోజుకు మాత్రం ఏనాడూ కుట్టివ్వడు!) పక్కింటి నర్సు ఆదివారం పొద్దున నైట్ డ్యూటీ దిగి, మా అమ్మకు బీపీ చూశాకే చర్చికి వెళుతుంది. మా అమ్మ మొక్కులేమో పెద్ద దర్గాకు.

కిందటి ఉగాదికి క్యూలో ఒక పెద్దావిడ ఎండకు తాళలేక తన చెప్పుల మీదే చతికిలబడింది. ఈసారి ఫోటోతోపాటు అక్కడ నీడ, మంచినీళ్లు ఉన్నాయో లేదో కూడా రాయండి.

– ఒక పాఠకురాలు, కడప