కెన్నడీ హత్యను ఆ రోజు ఎవరూ టీవీలో చూడలేదు

సంపాదకులకు,

అయ్యా,

టెలివిజన్ వార్తల తొలి రోజుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నడీ హత్యను ఆ దేశ ప్రజలు టీవీలో ప్రత్యక్షంగా చూశారని అందులో రాశారు. ఇది చాలామంది మనసుల్లో పాతుకుపోయిన పొరపాటు. డాలస్ నగరంలోని డీలీ ప్లాజా వద్ద మధ్యాహ్నం 12:30 గంటలకు కాల్పులు జరిగినప్పుడు అక్కడ ప్రత్యక్ష ప్రసారానికి కెమెరా ఏదీ లేదు. అబ్రహాం జాప్రుడర్ అనే దుస్తుల వ్యాపారి తన 8 ఎం.ఎం. కెమెరాతో ఆ దృశ్యాన్ని చిత్రీకరించిన మాట నిజమే. ఆయన అదే మధ్యాహ్నం డబ్ల్యూఎఫ్ఏఏ అనే స్థానిక టీవీ కేంద్రానికి వెళ్లి, తాను చూసినదంతా ప్రేక్షకులకు చెప్పారు కూడా. కానీ ఆయన తీసిన ఫిల్ము జాతీయ టీవీలో ప్రసారమైంది 1975లో.

ఇంత చిన్న విషయానికి ఉత్తరం ఎందుకని మీకు అనిపించవచ్చు. హత్యను టీవీ చూపించిందని అనుకుంటే, చూపించడానికి ఏమీ లేని ఆ మొదటి గంటలో వార్తలు చదివినవారు చేసిన పని మన కంటికి ఆనదు. నా దృష్టిలో 22 నుంచి 25 దాకా సాగిన ఆ నాలుగు రోజుల ప్రసారాల్లో అన్నిటికంటే విలువైనది ఆ గంటే.

అధ్యక్షుడి వాహనశ్రేణిలో ప్రయాణిస్తున్న యూపీఐ అనే వార్తా సంస్థ విలేకరి మెరిమన్ స్మిత్, కారులోని ఫోను అందుకుని చెప్పిన కాల్పుల వార్త 12:34కి వార్తా కార్యాలయాల టెలిప్రింటర్లలో వచ్చింది. మరి కొద్ది నిమిషాలకే, డాలస్ కాలమానం ప్రకారం 12:40కి, సీబీఎస్ అనే టీవీ సంస్థ ఒక ధారావాహికను మధ్యలో ఆపి ఆ వార్తను వినిపించింది. వినిపించింది అనే అనాలి, ఎందుకంటే తెరపై ఉన్నది వార్తా ప్రకటన అని రాసిన ఒక అట్ట మాత్రమే, దాని వెనుక నుంచి వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు. అప్పటి స్టూడియో కెమెరాల గొట్టాలు వేడెక్కి బొమ్మ ఇవ్వడానికి దాదాపు 20 నిమిషాలు పట్టేది. ఆ ధారావాహికను కూడా స్టూడియోలో అప్పటికప్పుడే నటిస్తూ ప్రసారం చేసేవారు కాబట్టి, పక్కన ఏం జరుగుతున్నదో తెలియని నటీనటులు తమ సంభాషణలు చెప్పుకుంటూ పోయారు. ఒంటి గంట ప్రాంతంలో గానీ క్రాంకైట్ ముఖం ప్రేక్షకులకు కనబడలేదు.

మరో టీవీ సంస్థ ఎన్‌బీసీలో పరిస్థితి మరీ ఇబ్బందికరం. కెన్నడీని చేర్చిన ఆసుపత్రి నుంచి ఫోనులో మాట్లాడుతున్న తమ విలేకరి రాబర్ట్ మెక్‌నీల్ గొంతు ప్రసారంలోకి రాకపోవడంతో, స్టూడియోలో ఫ్రాంక్ మెగీ రిసీవరు చెవికి ఆనించుకుని, అవతల నుంచి వినబడిన ఒక్కొక్క వాక్యాన్నీ తన నోటితో తిరిగి చెప్పవలసి వచ్చింది.

కెన్నడీ మరణించారన్న కబురు అధికారిక ప్రకటన కంటే ముందే సీబీఎస్‌కు చేరింది. డాలస్‌లోని అనుబంధ కేంద్రానికి చెందిన ఎడ్డీ బార్కర్ ఒక వైద్యుడి ద్వారా విన్నానని చెప్పారు. తరువాత తమ సొంత విలేకరి డాన్ రాదర్ నుంచీ అదే మాట వచ్చింది. క్రాంకైట్ ఆ కబుర్లను దాచలేదు, అలాగని వాటికి లేని బరువును అంటగట్టలేదు. ఎవరు చెప్పారో చెప్పి, ఇది ఇంకా అధికారికం కాదని ప్రతిసారీ గుర్తుచేశారు. అధ్యక్షుడి పత్రికా వ్యవహారాలు చూస్తున్న మాల్కం కిల్డఫ్ ఆసుపత్రిలో ప్రకటన చేశాక, వార్తా సంస్థ పంపిన కాగితం చేతికి అందాకనే, 1:38 గంటలకు, అధ్యక్షుడు ఒంటి గంటకు మరణించారని చదివారు. ఆయన కళ్లద్దాలు తీసి గడియారం వైపు చూసిన క్షణాన్ని అందరూ తలుచుకుంటారు. అంతకుముందు ఆయన ఎంత ఓర్పు పట్టారో చెప్పేవారు తక్కువ. ఆ రోజు ప్రసారాలన్నీ ఇలాగే నిక్కచ్చిగా సాగాయని నేను అనడం లేదు. అధ్యక్షుడికి కాపలాగా ఉండే రహస్య రక్షణ దళ సభ్యుడొకరు మరణించారని, ఉపాధ్యక్షుడు జాన్సన్ కూడా గాయపడ్డారని నిజం కాని మాటలు ప్రసారమయ్యాయి.

ప్రేక్షకులు ప్రత్యక్షంగా చూసిన హత్య వేరొకటి ఉంది. నవంబరు 24న ఉదయం 11:21 గంటలకు, కెన్నడీ హత్య కేసులో నిందితుడు లీ హార్వీ ఓస్వాల్డ్‌ను కౌంటీ జైలుకు తరలించేందుకు పోలీసు కార్యాలయం సెల్లార్‌లోకి తీసుకురాగా, జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ యజమాని ముందుకు దూసుకొచ్చి కాల్చాడు. ఎన్‌బీసీ దాన్ని జరుగుతుండగానే చూపింది. వ్యాసకర్త బహుశా ఈ రెండు ఘటనలనూ కలిపి గుర్తు పెట్టుకున్నారేమో.

ఈ రెండో హత్యలో టీవీ కేవలం సాక్షి కాదన్నది నా బాధ. ఆ రెండు రోజులూ పోలీసు కార్యాలయం మూడో అంతస్తు నడవాలో వందమందికి పైగా విలేకరులు, కెమెరామెన్ కిక్కిరిసి ఉన్నారు. టీవీ కేబుళ్లు అధికారుల గదుల్లోంచి పాకుతూ వెళ్లాయి. ఓస్వాల్డ్‌ను ఒక గది నుంచి మరో గదికి తీసుకువెళ్లిన ప్రతిసారీ ఆ గుంపులోంచే నడిపించారు, మైకులు అతని ముఖం మీదికి వచ్చాయి. మొదటి రోజు అర్ధరాత్రి అతన్ని విలేకరుల ముందు నిలబెట్టినప్పుడు రూబీ కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఉదయం పది గంటలకల్లా వస్తే మీరు చూడవలసినదేదీ తప్పిపోదని పోలీసు అధిపతి జెస్సీ కర్రీ శనివారం రాత్రే విలేకరులకు చెప్పారు. నేరం రుజువు కాని మనిషిని అంత బహిరంగంగా తరలించడానికి కెమెరాల ఒత్తిడి ఒక ముఖ్య కారణం. కెన్నడీ హత్యపై విచారణ జరిపి 1964లో నివేదిక ఇచ్చిన వారెన్ కమిషన్ ప్రధాన బాధ్యతను పోలీసులపైనే ఉంచినా, వార్తా మాధ్యమాలకూ అందులో వాటా ఉందని స్పష్టంగా రాసింది. అధికారులు సాక్ష్యాధారాలను రోజంతా మీడియాకు చెబుతూ పోవడం వల్ల, ఓస్వాల్డ్ బతికి ఉన్నా నిష్పాక్షికమైన జ్యూరీ దొరకడం కష్టమయ్యేదని కూడా అభిప్రాయపడింది.

వాణిజ్య ప్రకటనలు మానుకుని, 25న జరిగిన అంత్యక్రియల దాకా దేశాన్ని ఒక్కచోట కూర్చోబెట్టిన ఆ ప్రసారాలను మీ వ్యాసం మెచ్చుకోవడం సబబే. నేనూ మెచ్చుకుంటాను. అయితే ఓస్వాల్డ్ హత్యను అందులో ఒక్క ముక్కలో ముగించారు, ఆ నడవా ప్రస్తావనే లేదు. హత్యను ప్రత్యక్షంగా చూశారన్న వాక్యానికి సవరణ ప్రచురించి, సెల్లార్‌లో జరిగినదాన్నీ, దానిపై కమిషన్ చెప్పినదాన్నీ వ్యాసకర్త చేతనే విడిగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు