గుర్రపు డెక్క వేరు, గుర్రపు తోక వేరు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

డెల్టా కాలువల పూడికపై మీరు ఇటీవల ప్రచురించిన వ్యాసం సకాలంలో వచ్చినదే గాని, అందులో ఊదా పూల గుర్రపు డెక్కను ఒకచోట గుర్రపు తోక అని, దాని శాస్త్రీయ నామం ఈక్విజిటం అని పేర్కొన్నారు. పేర్లలో గుర్రం ఉన్నంత మాత్రాన ఇవి చుట్టాలు కావు. గుర్రపు డెక్క పూలు పూసే, నీటిపై తేలే మొక్క. ఈక్విజిటం పువ్వూ విత్తనమూ లేకుండా, పొడిలా రాలే సిద్ధబీజాలతో (స్పోర్లతో) వ్యాపించే మొక్క, ఫెర్నుల బంధువు. ఇంటర్మీడియట్ పిల్లలు పాఠంలో చదివే మొక్క కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈక్విజిటం కాండం నిటారుగా, పచ్చగా, లోపల బోలుగా, కణుపులు కణుపులుగా పెరుగుతుంది. చూడగానే దీనికి ఆకులే లేవనిపిస్తుంది. నిజానికి అవి పొలుసులంతగా కుదించుకుపోయి, అంచులు కలిసిపోయి, ప్రతి కణుపు చుట్టూ పళ్లున్న చిన్న తొడుగుగా మిగిలాయి. కాండం మీది నిలువు చారల వెంట వేలు పోనిస్తే గరుకుగా తగులుతుంది. ఆ గరుకు పైపొరలో పేరుకున్న సిలికాది. ఐరోపాలో పూర్వం గిన్నెలు తోమడానికి, కొయ్య నునుపు చేయడానికి దీన్ని వాడింది అందుకే.

నేను పాఠాలు చెప్పిన రోజుల్లో అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే విద్యార్థులు సరుగుడు రెమ్మలు తెచ్చి, ఇదే ఈక్విజిటం అని చూపేవారు. వారిని తప్పుపట్టలేకపోయేవాణ్ణి, సరుగుడు శాస్త్రీయ నామం క్యాజురైనా ఈక్విసెటిఫోలియాలోనే ఆ పోలిక ఉంది మరి. కణుపు దగ్గర లాగితే రెండూ ఊడివస్తాయి; ఊడిన ముక్కను మళ్లీ అమర్చి "ఎక్కడ విరిచానో చెప్పు" అని పిల్లలు ఆడే ఆటకు రెండూ పనికివస్తాయి. కాబట్టి లాగి చూడటం పరీక్ష కాదు. కణుపుల నడుమ బ్లేడుతో అడ్డంగా కోయాలి. మధ్యలో పెద్ద బోలు, దాని చుట్టూ వలయంగా సన్నని రంధ్రాలు కనిపిస్తే అది ఈక్విజిటం. సరుగుడు రెమ్మ నడుమ అటువంటి బోలు ఉండదు. కాండం కొనన చిన్న శంకువు ఉంటే ఇక సందేహమే అక్కరలేదు. ఆ శంకువును తెల్ల కాగితం మీద దులిపి, రాలిన పచ్చని పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి మెల్లగా నోటి ఆవిరి తగిలిస్తే, ఒక్కో సిద్ధబీజానికున్న నాలుగు పట్టీలు చుట్టుకుంటాయి, ఆరగానే విచ్చుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

చేలో తుంగను చూసి ఈక్విజిటం అని పొరబడేవారికి ఒక్క మాట చాలు: దాని కాడ మూడు పలకలుగా ఉంటుంది, కణుపుల వద్ద పళ్ల తొడుగులు ఉండవు.

ప్రపంచంలో ఈ ప్రజాతికి నేడు మిగిలినవి 20కి లోపు జాతులే. మన దేశంలో ఈక్విజిటం ఆర్వెన్స్ హిమాలయ ప్రాంతానిది. మైదానాల వరకు దిగివచ్చేది ఈక్విజిటం రామోసిస్సిమం, దానికి ఏటి ఒడ్డున తేమ ఆరని ఇసుక కావాలి. వెదకదలచినవారు బంకమన్ను చేలను వదిలి లంకల ఇసుక అంచులు చూడటం మేలు.

కడియం నర్సరీల్లో కుండీల్లో అలంకారానికి పెంచే గుర్రపు తోకను కూడా చూశాను. కుండీలో అందంగానే ఉంటుంది, కానీ నేలలోకి పాకే దాని కాండం ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. గుర్రపు డెక్క కూడా ఈ దేశానికి అలంకారపు మొక్కగానే వచ్చింది. కుండీ మార్చినప్పుడు తీసిన వేళ్లను కాలువలో పారవేయకుండా ఎండబెట్టి కాల్చివేయవలసిందిగా పెంపకందారులను కోరుతున్నాను. మీరు సవరణ ప్రచురించేటప్పుడు రెండు మొక్కల ఫొటోలూ పక్కపక్కన వేయగలరని మనవి.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం