వార్షిక నివేదిక 2024–25: విద్యార్థి సహాయ విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, వనభోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. తెలుగు బడిలో ఈసారి పెద్దల తరగతి కూడా మొదలైంది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. అందుకని ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. ఇక్కడ టెక్సస్‌లోని యూనివర్సిటీలో చదివే మన తెలుగు పిల్లల్లో మితిమీరిన తాగుడు గురించి మనం చేపట్టిన పని అది.

కార్యవర్గంలో దీని మీద వాదన బాగానే జరిగింది. "పండగ పూట ఈ మాటలేంటండీ, మన పిల్లలు అలాంటివాళ్లు కారు" అన్నవాళ్లున్నారు. అలాంటివాళ్లంటే ఎలాంటివాళ్లో నాకు తెలీదు గానీ, శనివారం రాత్రి సోఫా పక్కన బకెట్ పెట్టుకుని పడుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

దసరా రోజు హాలు వెనక బల్ల వేసి ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలో రంగునీళ్లు పెట్టాం. "రూమ్‌లో ఎలా పోసుకుంటారో అలాగే పోయండి" అన్నాం. పోశాక కొలగ్లాసులోకి ఒంపి చూపించాం. అమెరికా లెక్కలో ఒక డ్రింకంటే 14 గ్రాముల ఆల్కహాలు. విస్కీ, వోడ్కా అయితే 44 మిల్లీలీటర్లు, మామూలు బీరయితే 355. కుర్రాళ్లు "ఒకటి" అని పోసింది చాలాసార్లు రెండు దాటింది. మన లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు, పైగా మన దేశపు విస్కీ 42.8 శాతం. అంటే ఒక్క పెగ్గే ఇక్కడి ఒకటిన్నర డ్రింకు. క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లు, నాలుగు డ్రింకులు దాటుతుంది. రెండు గంటల్లో మగవాళ్లు ఐదు, ఆడవాళ్లు నాలుగు తాగితే రక్తంలో ఆల్కహాలు దాదాపు 0.08 శాతానికి చేరుతుంది. బింజ్ డ్రింకింగ్ అనేది దాన్నే. "క్వార్టరేగా" అనుకున్న పిల్లలు ఆ బల్ల దగ్గర కాసేపు మాట్లాడలేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. లివరు గంటకు సుమారు ఒక డ్రింకును మాత్రమే కరిగిస్తుంది. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దాని వేగం పెంచవు. మనిషి పడిపోయాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. గొంతులో అడ్డుపడిన వాంతిని దగ్గి బయటికి తెచ్చే శక్తి తగ్గుతుంది. "పడుకోబెట్టండిరా, పొద్దున్నకి దిగిపోతుంది" అనే మాట అందుకే ప్రాణాంతకం. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల విద్యార్థికి ఫ్రాటర్నిటీలో, అంటే మగ విద్యార్థుల క్లబ్బులో, చేరే రాత్రి గంటన్నరలోపే 18 డ్రింకులు తాగించారని విచారణలో తేలింది. మెట్ల మీంచి పడ్డాడు. అత్యవసర సాయం నంబరు 911కు ఫోన్ వెళ్లింది దాదాపు 12 గంటల తర్వాత. బతకలేదు. తాగుడుతో ముడిపడిన ప్రమాదాల్లో ఈ దేశంలో ఏటా సుమారు 1,500 మంది కాలేజీ విద్యార్థులు చనిపోతున్నారని అంచనా.

మరి ఎందుకు ఫోన్ చేయరు? మేం మాట్లాడిన పిల్లలు మూడు భయాలు చెప్పారు: వీసా, అంబులెన్స్ బిల్లు, ఇంట్లో తెలియడం.

వీసా సంగతి న్యాయవాది వచ్చి విడమరిచి చెప్పారు. 21 నిండినవాళ్లు ఇంట్లో తాగడం నేరం కాదు, స్నేహితుడి కోసం అంబులెన్స్ పిలవడం అంతకన్నా కాదు. 21 లోపువాళ్లకు మన టెక్సస్‌లో 2011 నుంచి చట్టమే ఉంది. మొదట ఫోన్ చేసి, సాయం వచ్చేదాకా అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరిస్తే తాగినందుకు కేసు ఉండదు. వీసాకు ఎసరు తెచ్చేది తాగి బండి నడపడం. 2015 నుంచి ఆ అరెస్టు ఒక్కటే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేయొచ్చు. ఇక జూనియర్లకు మందు కొనిపెట్టే సీనియర్లకు ఏడాది జైలు, 4,000 డాలర్ల జరిమానా దాకా పడొచ్చు. వాళ్లు ఫోన్ చేయడానికి జంకేది అందుకే. కొనిపెట్టొద్దన్నాం. కొనిపెట్టినా సరే, ఫోన్ మాత్రం చేయమన్నాం.

బిల్లు కోసం చిన్న నిధి కేటాయించాం. ఇన్సూరెన్సు పోగా మిగిలింది కట్టలేని విద్యార్థికి ఎవరు, ఎందుకు అని అడక్కుండా ఇస్తాం. మూడో భయం దగ్గర కార్యవర్గం రెండుగా చీలింది. చివరికి, రాత్రిపూట పిల్లల ఫోన్లు ఎత్తే మన వాలంటీర్లెవరూ విద్యార్థి అనుమతి లేకుండా ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేయరని తీర్మానించాం. తల్లిదండ్రులుగా కొందరికి ఇది నచ్చదని తెలుసు. కానీ ఆ మాట ఇవ్వకపోతే పిల్లలు మనకీ ఫోన్ చేయరు.

ఒక మాట, ఎవరూ ఏమీ అనుకోకపోతే. వనభోజనాల్లో కారు డిక్కీల చుట్టూ చేరే పెద్దమనుషుల్ని చూస్తూనే ఈ పిల్లలు పెరిగారు. వచ్చే ఏడు పార్కు బుక్ చేసే ముందు వనభోజనాల్లో మందు సంగతి మీద సర్వసభ్య సమావేశంలో ఓటింగు పెడుతున్నాం.

ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగుతారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లున్న శనివారాలకు, హాలోవీన్ వారాంతానికి రాత్రి రెండింటి దాకా ఫోనెత్తి, కారు తీసుకుని వెళ్లగలిగేవాళ్లు కావాలి. పేర్లు జులై నెలాఖరులోగా నాకు ఇవ్వండి. కారులో పాత తువాళ్లు, ప్లాస్టిక్ కవర్లు పెట్టుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, విద్యార్థి సహాయ విభాగం