ఆకుపచ్చ మఫ్లర్ పెద్దాయనకు

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, ప్రావిడెన్స్ పార్క్ ఫుట్‌బాల్ (సాకర్) స్టేడియంలో ఆ రాత్రి మా పక్కన నిలబడ్డ పెద్దాయనా, మీ పేరు అడగడం మరిచిపోయాను. మీకు తెలుగు రాదు, ఇది చదవరు కూడా. అయినా చెప్పకపోతే మనసొప్పడం లేదు. చాలా థాంక్సండీ.

హిల్స్‌బొరో నుంచి మ్యాక్స్ బ్లూ లైన్ రైల్లో మా అమ్మాయితో వచ్చాను. టికెట్ మీద సీటు నంబర్ లేదని కంగారు. నార్త్ ఎండ్ అనే ఆ స్టాండ్‌లో ముందు వచ్చినవాళ్ళదే చోటనీ, ఆట మొత్తం నిలబడే చూస్తారనీ నాకేం తెలుసు! పోర్ట్‌లాండ్ టింబర్స్ జట్టు అభిమానుల దండు, టింబర్స్ ఆర్మీ, డప్పుల హోరుకు పిల్ల బిక్కమొహం వేసింది. మీరే ముందువాళ్ళతో మాట్లాడి దానికి చోటిప్పించారు.

నేను క్రికెట్‌తో పెరిగినవాణ్ణి. 90 నిమిషాలు దాటినా ఆట ఆగకపోతే గడియారం పాడైందనుకున్నాను. మధ్యలో వృథా అయిన సమయాన్ని చివర్లో కలుపుతారని మీరు నవ్వకుండా వివరించారు. ఆఫ్‌సైడ్ నియమానికి మాత్రం అరచేతిలో నాలుగు పాప్‌కార్న్ గింజలు పేర్చాల్సి వచ్చింది: సహచరుడు బంతి తన్నిన క్షణంలో ఎవరెక్కడున్నారన్నదే లెక్క, అది అందిన క్షణంలో కాదు. (ఎల్‌బీడబ్ల్యూ ఇంతకన్నా నయమని ఇప్పటికీ నా వాదన.)

టింబర్స్ గోల్ కొట్టగానే జట్టు మస్కట్ టింబర్ జోయి రంపంతో దుంగలోంచి ఒక చెక్క కోశాడు. అది చేతులు మారుతూ మన దాకా వస్తే, మీరు ముందు మా అమ్మాయికే పట్టుకోనిచ్చారు. ఆ పచ్చికర్ర వాసన చేతులకు ఇంకా ఉందని మర్నాడు కూడా అందరికీ చూపించింది. వెళ్తూ వెళ్తూ మీ మఫ్లర్ తీసి దాని మెడకు చుట్టారు.

అది మా దగ్గరే భద్రంగా ఉంది. మళ్ళీ నార్త్ ఎండ్‌కే వస్తాం. 2015లో టింబర్స్ లీగ్ కప్పు గెలిచిన కథ మీరు సగంలో ఆపేశారు, మిగతాది చెప్పాలి.