ఉప్పు కొటార్ల దగ్గర ఆగిన రైలు

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనా,

ఎట్టుండావు? పోయిన నెల ఫోన్ చేసి అడిగావే, సంక్రాంతికి పిల్లకాయల్ని మద్రాసు తీసుకుపోదామనుకుంటున్నా, మూడు రోజులు చాలతాయా, ఏమేం చూపించాలి అని. అప్పుడు షాపులో మోటారు విప్పుకుని కూర్చున్నా, చేతినిండా గ్రీజు, "ఆఁ చాల్తాయిలే" అని తేల్చేశా. చాలవురా. దసరా సెలవల్లో మేం పోయొచ్చాం, ఇప్పుడు తెలిసింది. ఫోన్లో చెప్తే నువ్వు సగం విని సర్లే సర్లే అంటావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

పోయింది అయిదుగురం. నేను, మీ వదిన, పెద్దమ్మాయి, చిన్నోడు, నాయన. అసలు నాయన్ని తీసుకుపోదామని అనుకోలేదు. 76 ఏళ్లు, మోకాళ్లు సహకరించవు, పైగా ఎక్కడికి పిలిచినా ఏదో ఒక వంక పెడతాడు. అమ్మ పోయాక ఒక్కడినే ఇంట్లో వదిలి పోవాలంటే నాకు మనసొప్పక, మాటవరసకి అడిగా. "నేను చూడని పట్నమా అది, మీరు పోయి రాండి" అన్నాడు. సరే అనుకున్నా. తెల్లారి లేచి చూస్తే గుమ్మం దగ్గర సంచి సర్దుకుని కూర్చోనున్నాడు. రెండు పంచెలు, ఒక దుప్పటి, గోంగూర పచ్చడి సీసా. దుప్పటెందుకు నాయనా అంటే గమ్మున ఉండు అన్నాడు.

పినాకినికి పోయాం. నువ్వూ అదే బండికి పో, పగలు ప్రయాణం, పిల్లలకి కిటికీలోంచి చూసేందుకు ఉంటుంది. పినాకిని అంటే మన పెన్న పేరేనని చిన్నోడికి చెప్తే, నెల్లూరు దగ్గర వంతెన మీద "రైలు కిందే రైలు పేరు పోతా ఉంది" అని అరిచాడు. పెట్టెలో అందరూ నవ్వారు. సూళ్లూరుపేటలో శ్రీహరికోట ఆ వైపే అని చూపించా, రాకెట్ కనపడలేదని అలిగాడు. ఆరంబాకం నుంచి బోర్డుల మీద అరవం మొదలయ్యింది, అక్కడి నుంచి పెద్దమ్మాయి ఒక్కో అక్షరం నోట్సులో గీసుకోవడం మొదలుపెట్టింది.

ఇంక సెంట్రల్ వచ్చేస్తందని సంచులన్నీ దించి తలుపు దగ్గర పెట్టుకున్నాక బండి ఆగిపోయింది. బేసిన్ బ్రిడ్జి. నీకు తెలుసుగా, అక్కడ ఆగని బండి ఉండదు. అరగంట కదల్లేదు. ఫ్యాన్ల గాలి వేడిగా కొడుతోంది, పిల్లలు గొణుగుతున్నారు, మీ వదిన నా వైపు ఆ చూపు చూస్తోంది, రైలుని నేనే ఆపినట్టు. నాయన మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తా, "ఈ పక్కనేరా ఉప్పు కొటార్లు" అన్నాడు. ఏం కొటార్లు అన్నాను. "మన ఉప్పు దించే చోటు. మేం పడవ కట్టింది కూడా ఈ దగ్గర్లోనే."

శీనా, నలభై నాలుగేళ్లు ఆయన కొడుకుగా ఉండి ఈ సంగతి నాకు తెలియదు. మా తాతకి పడవ ఉండేదని తెలుసు, మీ తాతా ఆయనా కలిసి నడిపేవాళ్లని కూడా విన్నాం కదా చిన్నప్పుడు. నాయన అందులో మద్రాసు దాకా వచ్చాడని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పదేళ్ల వయసులో వచ్చాడంట. మన తుమ్మలపెంట పోయేటప్పుడు దాటతామే కాలవ, అదే బకింగ్‌హామ్ కాలవ, అందులో సర్వి కట్టెలు వేసుకుని బయలుదేరితే గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తేవాళ్లు, లేనప్పుడు ఇద్దరు గట్టు మీద తాడు భుజానికి వేసుకుని లాగేవాళ్లు. ఆరు రాత్రులు కట్టెల మీదే పడుకున్నాడంట. సర్వి బెరడు వీపుకి గుచ్చుకుంటంటే తాత తన దుప్పటి తీసి కింద పరిచాడంట. ఆ మాట చెప్తా సంచిలో దుప్పటిని చేత్తో తడిమాడు. దుప్పటెందుకని నేను ఇంకోసారి అడగలా.

పెద్దమ్మాయి వెంటనే ఫోన్ తీసి వెతికింది. 1806లో మొదలుపెట్టారంట, ముందు మద్రాసు నుంచి ఎన్నూరు దాకా, తర్వాత పెంచుకుంటా పెదగంజాం దాకా తెచ్చారు. 1877-78 కరువులో జనానికి కూలి చూపించాలని మద్రాసు ఊరి మధ్యలో కూవం, అడయారు నదుల్ని కలుపుతా ఇంకో ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి కింద మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం మన వైపే. ఆ పిల్ల చదువుతుంటే నాయన తల ఊపుతా, "గవర్నరు పేరు మాకు తెలవదు, మేం ఉప్పు కాలవనే వాళ్లం" అన్నాడు. అప్పుడు కదిలింది బండి.

సరే, నువ్వడిగిన దానికి వస్తా. దిగంగానే మెట్రో ఎక్కించు. డబ్బు పెట్టి చూపించే వాటికంటే మా వాళ్లకి అదే ఎక్కువ నచ్చింది. సెంట్రల్ దగ్గర భూమి లోపల స్టేషను, ఎంత కిందికి దిగుతామో చూస్తే నాకే భయమేసింది. చిన్నోడు ఎస్కలేటర్ ఆరుసార్లు ఎక్కి దిగాడు. మొదటిసారి మీ వదిన కాలు పెట్టబోయి వెనక్కి తీసి, పెట్టబోయి వెనక్కి తీసి, వెనకాల ఇరవై మంది ఆగిపోయారు. ఒకామె అరవంలో ఏదో అని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఇది నేను చెప్పానని చెప్పబాక.

ట్రిప్లికేన్‌లో ఒక లాడ్జిలో దిగాం. పేరు చెప్పను గానీ ఫోటోలు చూసి మోసపోబాక, ఏసీ గదికి డబ్బులు తీసుకుని ఏసీ రిమోట్ మాత్రం ఇవ్వలా. "మెకానిక్ వస్తాడు సార్" అని మూడు రోజులు చెప్పారు. చివరికి నేనే స్టూలెక్కి విప్పి చూశా, లోపల కెపాసిటర్ పోయుంది. మన పని మనల్ని ఎక్కడికి పోయినా వదలదు.

మర్నాడు ఎగ్మూరు మ్యూజియం అనుకున్నాం. 1851లో పెట్టిన మ్యూజియం, తిమింగలం అస్థిపంజరం ఉంటుందని పిల్లలకి రాత్రంతా ఊరించి తీసుకుపోతే గేటుకి తాళం. శుక్రవారం సెలవంట. తప్పు మనదే, ముందు చూసుకోవాలి. వండలూరు జూకి మంగళవారం సెలవు, అదీ గుర్తుపెట్టుకో. మ్యూజియానికి మళ్లీ శనివారం పోయాం. తిమింగలం కింద నిలబడి చిన్నోడు నోరు తెరిచాడు, దానికి మించి వాడు మాట్లాడకుండా ఉన్న సందర్భం ఈ ఏడాదిలో లేదు. నన్ను ఆపింది మాత్రం అమరావతి శిల్పాల గది. మన గుంటూరు పక్క రాళ్లురా అవి, ఒక వాటా లండన్‌లో, ఒక వాటా ఇక్కడ. ఏనుగు పిచ్చిపట్టి వీధిలోకొస్తే జనం మేడ మీద నుంచి తొంగి చూస్తున్న బొమ్మ ఒకటుంది, గుండ్రంగా, పళ్లెంలా. బుద్ధుడి ముందు అదే ఏనుగు మోకరిల్లి ఉంటుంది. పది నిమిషాలు దాని ముందే ఉన్నా. మీ వదిన వచ్చి ఆకలవుతుంది పదమంది.

జూ అంటే ఒక రోజు మొత్తం పోతుందనుకో. దాదాపు 1500 ఎకరాలు, నడిచి తిరగడం జరిగే పని కాదు, బ్యాటరీ బండి టికెట్ ముందే తీసుకో. మేం తీసుకోలా, బుద్ధొచ్చింది. నాయన ఒక చెట్టు కింద కూర్చుని మీరు పోయి రాండి అన్నాడు, రెండు గంటలకి తిరిగొస్తే పక్కన కూర్చున్న ఇంకో ముసలాయనతో మాటల్లో ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి అరవం రాదు. ఏం మాట్లాడుకున్నారంటే వానల గురించి అన్నాడు.

మెరీనాకి సాయంత్రం పో, మధ్యాహ్నం ఇసక కాళ్లు కాల్చేస్తుంది. లైట్‌హౌస్ పైకి లిఫ్ట్ ఉంది, పైనుంచి బీచ్ మొత్తం ఒక్క గీతలా కనపడుతుంది. కిందికొచ్చాక తేంగా మాంగా పట్టాణి సుండల్ తినిపించు, బఠాణీల్లో పచ్చి కొబ్బరి, మామిడి ముక్కలు కలిపి పొట్లం కట్టిస్తారు. నీళ్లలోకి మాత్రం మడమలు దాటి దిగనియ్యబాక, అక్కడ లోతు ఒక్కసారిగా వస్తుంది, మన తుమ్మలపెంట లాగా కాదు. చిన్నోడి చెప్పుల్లో ఒకటి అలకి పోయింది. రెండోది కూడా వెయ్యమని సముద్రంతో గొడవ, ఒంటి చెప్పు నాకెందుకని. చివరికి రెండోది వాడే విసిరేశాడు.

టీ నగర్ గురించి నేను చెప్పేదేం లేదు, చెల్లెమ్మే నిన్ను తీసుకుపోతుంది. రంగనాథన్ వీధిలో మీ వదిన మూడు గంటలు, మేం పానగల్ పార్కులో మూడు గంటలు. ఆ పానగల్ రాజా కాళహస్తి వైపు తెలుగాయన, మద్రాసుకి ముఖ్యమంత్రిగా చేశాడు, టీ నగర్‌లో టీ అంటే పిట్టి త్యాగరాయ చెట్టి, ఆయనా తెలుగాయనే. ఇట్టాంటివన్నీ చెప్పుకుంటా బెంచీ మీద గర్వంగా కూర్చుంటే ఆటో ఆయన నన్ను చూసి "ఎంగె పోగణుం" అన్నాడు, ఎక్కడికి పోవాలని. నాకొచ్చిన నాలుగు అరవం ముక్కలూ కూడగట్టి చెప్పా. పూర్తిగా విని, "నెల్లూరా సార్?" అని తెలుగులో అడిగాడు.

ఒక చోటికి మాత్రం నా మాట విని తప్పకుండా తీసుకుపో. మైలాపూర్ దగ్గర రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు దీక్ష చేసి ప్రాణం వదిలిన ఇల్లు. ఆ ఆటో ఆయనకే మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. పెద్దమ్మాయి గేటు దగ్గరే నిలబడి "మన జిల్లా పేరు ఈయనదేనా నాన్నా" అంది. అవునమ్మా, వాళ్ల పెద్దలది కనిగిరి వైపు పడమటిపల్లి, నెల్లూరు మూలాపేట గుళ్లోకి హరిజనుల్ని రానివ్వాలని కూడా ఈయన అన్నం మానేశాడు అని చెప్పా. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15న పోయారు, 58 రోజులు. అది విని వేళ్ల మీద లెక్కేసి, "అంటే మా ఎండాకాలం సెలవలన్ని రోజులు" అంది. ఆ పూట హోటల్లో దోశ సగం వదిలిపెట్టబోయి మళ్లీ తిన్నది. నేనేం అనలేదు.

అక్కడి నుంచి తిరుమయిలై స్టేషన్లో లోకల్ రైలెక్కాం, పైన వంతెన మీద పోయేది. ఎక్కాక నాయన కిందికి చూసి నా చెయ్యి తట్టాడు. స్తంభాలన్నీ కాలవలోనే పాతారు. నల్లగా, కదలకుండా, ప్లాస్టిక్ సంచులు తేలతా ఉండాది నీళ్లనే పేరుతో. కంపు రైల్లోకి కొడుతోంది. చిన్నోడు ముక్కు మూసుకుని "తాతా, ఇదా మన కాలవ" అన్నాడు. నాయన కాసేపు ఏం అనలా. తర్వాత "ఈ ముక్కలోకి మేం రాలేదులేరా" అన్నాడు. వాడితో అబద్ధమాడాడో, నిజమే చెప్పాడో నాకు తెలవదు.

ఇంకో సంగతి నవ్వుకుంటావు. మెస్సులో పెద్దమ్మాయి నీళ్ల బాటిల్ కొనండి అంటే నాయన ఒప్పుకోలా. "కుళాయిలో వచ్చేది మన కండలేరు నీళ్లే, డబ్బులిచ్చి కొనేదేంది" అని గ్లాసెత్తి తాగాడు. నిజమే, తెలుగుగంగ కాలవలో మద్రాసుకి నీళ్లు 1996 నుంచి పోతున్నాయి, కండలేరు డ్యామ్ నుంచి బార్డరు దాకానే 152 కిలోమీటర్ల కాలవ. ఆ పూట కుళాయిలో వచ్చింది అవేనో, చెంబరంబాకం చెరువువో ఎవరికి తెలుసు. కడుపు చెడింది మాత్రం బాటిల్ నీళ్లు తాగిన నాకు. ఆయన తిరిగొచ్చేటప్పుడు పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు.

కాబట్టి నాలుగు రోజులు పెట్టుకో. రోజుకి ఒక్క చోటు, మిగిలింది పిల్లలు ఎటు లాగితే అటు. టికెట్లు ఇప్పుడే చెయ్యి, సంక్రాంతికి దొరకవు. లాడ్జి పేరు ఫోన్లో చెప్తా, దిగకుండా ఉండేందుకు.

ఈరోజు పొద్దున నాయన బండి తియ్యమన్నాడు. తుమ్మలపెంట రోడ్డులో కాలవ వంతెన మీద దిగాడు. చిన్నోడూ వచ్చాడు. గుర్రపుడెక్క పట్టిపోయుంది, మధ్యలో కాస్త నీళ్లు మెరుస్తున్నాయి, ఒక బర్రె మెడదాకా దిగి పడుకుని ఉంది. ఇక్కడెక్కితే మెరీనా దాకా పోవచ్చా అని వాడడిగాడు. "పోవచ్చు, పూడిపోయిన చోట దిగి తొయ్యాలి" అన్నాడు నాయన. ఎన్ని చోట్ల అని వాడు, చెప్పేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక నిన్నొకటి అడగమన్నాడు. మీ తాత, మా తాత పడవ ముందు నిలబడి దిగిన ఫోటో ఒకటి మీ పాతింట్లో గోడకి ఉండేదంట, అద్దం పగిలింది. అది మీ నాన్న దగ్గర ఉందేమో కనుక్కో. ఉంటే సంక్రాంతికి వచ్చేటప్పుడు అద్దం లేకపోయినా పట్టుకురా.

నీ
రమణ