‘ఆనందోబ్రహ్మ’ టేపులు బయటికి తీయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

హాస్యనటుడు ఎవరైనా పోయిన రోజు చానళ్లన్నీ పాత సీన్లు తిప్పితిప్పి వేస్తాయి. తర్వాత ఎవరో ఒకరు విగ్రహం పెట్టాలంటారు. ఆ ముచ్చట అమెరికాలో అయింది. ‘ఐ లవ్ లూసీ’ అనే టీవీ హాస్య సీరియల్ నటి లూసిల్ బాల్ 1989లో కన్నుమూస్తే, పిల్లలు 2002లో ఆమె అస్థికలను సొంతూరు జేమ్స్‌టౌన్‌కు తరలించారు. పక్కనే సెలరాన్‌లో 2009లో పెట్టిన కంచు విగ్రహం ఎంత ఘోరంగా ఉందంటే, జనం ‘భయపెట్టే లూసీ’ అని గోల చేశారు. 2016లో ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. (మన సెంటర్లలో కొన్ని విగ్రహాలు కింద పేరు చదివితే గానీ ఎవరివో తెలియవు. మనం గోల కూడా చేయం.)

ఆమె పోయాక పుట్టినవాళ్లకు కూడా లూసీ తెలుసంటే అది విగ్రహం పుణ్యం కాదు. 1951లోనే ఆ సీరియల్‌ను ఆమె భర్త దేసి ఆర్నాజ్‌తో కలిసి పట్టుబట్టి ఫిల్ము మీద తీయించారు. అందుకే మళ్లీ మళ్లీ వేయగలిగారు.

మనలో ఎక్కువమందికి దహనమే. అస్థికలు నదిలో కలిపేశాక వెళ్లి పూలు పెట్టడానికి సమాధి ఉండదు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న పోయారు. అయినా ఆయన నటించిన ‘అమృతం’ సీరియల్ యూట్యూబ్‌లో ఉంది కాబట్టి, అమృతరావు ఏ ఐడియా వేసినా చివరికి నెత్తి పట్టుకు కూర్చునే అంజిగా ఆయన్ని మా ఇంట్లో పిల్లలు కూడా అన్నం తింటూ చూస్తున్నారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 2013 డిసెంబరు 7న పోయారు. ఈ తరానికి ఆయన సినిమాల్లో లెక్చరర్ మాత్రమే. అంతకుముందే దూరదర్శన్‌లో ‘ఆనందోబ్రహ్మ’తో ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషని చెబితే, ఏదీ చూపించమంటున్నారు. ఏం చూపించను?

దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి కేంద్రాలు తమ దగ్గరున్న పాత హాస్య కార్యక్రమాల జాబితా ముందు బయటపెట్టాలి. ఉన్నవాటిని డిజిటల్ చేసి, ముక్కలు ముక్కలుగా కాకుండా పూర్తి ఎపిసోడ్లుగా, చిన్న వేషం వేసినవాళ్ల పేర్లతో సహా అందరికీ అందుబాటులో పెట్టాలి. లేనివేవో తెలిస్తే, అప్పట్లో ఇళ్లలో రికార్డు చేసుకున్నవాళ్లు క్యాసెట్లు ఇస్తారు. అటక మీద అవి బూజు పడుతున్నాయి. వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది, రిపేరు చేసేవాళ్లూ దొరకడం లేదు. వచ్చే వానాకాలం లోపే ఈ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఒంగోలు